మా హోటలు బోర్డు మీద ముప్పై ఒక్క రకాలు

మొన్న ఆదివారం హనుమకొండలో ఒక వియత్నాం హోటల్లో సర్వరు నా మొహం మీదే ఆరుసార్లు "లేదు" అన్నాడు. ఆరుసార్లూ నవ్వుతూనే అన్నాడు. బడిలో ఏళ్ల తరబడి తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, ఎవరు ఏ మాట ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టే జబ్బు నాకింకా వదల్లేదు. పక్కనున్న మా మనుమరాలు నిత్య మాత్రం చిన్నబుచ్చుకోలేదు. "సరే, నలభై రెండన్న ఉందా?" అంటూ వేలు కిందికి జరిపింది. నిత్య నా బిడ్డ కూతురు, మడికొండలో కంప్యూటర్ ఆఫీసులో పని. నెలకోసారి నన్ను ఇంట్లోంచి బయటికి లాగి ఏదో ఒక కొత్త తిండి తినిపించకపోతే దానికి తోచదు. "ఎప్పుడు సూసినా పప్పు, పచ్చిపులుసేనా అమ్మమ్మా? నోటికి జర కొత్త రుచి సూపియ్యి" అని తెచ్చి కూర్చోబెట్టింది.

నేనూ వద్దనలేదు. హోటలు తిండి అంటే నాకు బెదురు లేదు, హోటల్లోనే పుట్టి పెరిగాను. చేతికి ఒక పుస్తకం ఇచ్చారు. ఏడు పేజీలు, నూట పన్నెండు రకాలు, అన్నిటికీ నంబర్లు. కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. సన్నటి బియ్యపు సేమ్యా వేసిన వేడి పులుసు నీళ్లు ఒక రకం. అదే సేమ్యా పులుసు లేకుండా ఇంకో రకం. అదే చల్లారబెట్టి, పల్లీలు దంచి చల్లితే మరొకటి. దాన్నే పల్చటి బియ్యపు కాగితంలో ఆకులతో పాటు చుడితే వేరే నంబరు. ఆ చుట్టను నూనెలో వేయిస్తే ఇంకో నంబరు. వేయించినదాన్ని ముక్కలు కోసి మళ్లీ సేమ్యా మీదే పరిస్తే దానికో పేజీ. పసుపు కలిపిన బియ్యప్పిండి అట్టు ఉంది, లోపల మొలకలు. పొడుగు బ్రెడ్డును నిలువునా కోసి ఊరేసిన ముల్లంగి, క్యారెట్ కూరినవి ఉన్నాయి. ఇవే మళ్లీ చికెన్‌తో, రొయ్యలతో ఉన్నాయి. మా ఇంట్లో మాంసం తినరు. నిత్య తింటుంది. నాకు తెలియనట్టు నేను ఉంటాను, నాకు తెలియదన్నట్టు అది ఉంటుంది.

నాలుగో పేజీకి వచ్చేసరికి నాకు నవ్వు ఆగలేదు. బియ్యం, ఆకులు, పల్లీలు, మొలకలు. ఉన్నవి నాలుగు సరుకులు, పేర్లు మాత్రం నూట పన్నెండు. "ఎందుకు నవ్వుతానవ్?" అంది నిత్య. "మీ ముత్తమ్మ ఈ పని ఎన్నడో చేసిందే. నాలుగు సరుకులతో ముప్పై ఒక్క రకాలు" అన్నాను. "ఏంది, ముత్తమ్మ షెఫ్ఫా?" అని అది కళ్లు పెద్దవి చేసింది. ఆ మాట మా అమ్మ వింటే, అదేం రోగమో అని భయపడేది.

వరంగల్లులో పాత గంజుకు ఎదురు సందులో మా బాపు హోటలు నడిపేవాడు. గంజు అంటే మిర్చి, పత్తి, పల్లీ అమ్మే పెద్ద అంగడి. మా ముందు హాల్లో నాలుగు బల్లలు, మధ్యలో గోనెపట్టా తెర, తెర వెనక వంటిల్లు, దాని వెనక మేముండే రెండు అర్రలు. తెల్లవారకముందే అమ్మ ఊక పొయ్యి రాజేసేది. ఊక పొగ, పులిసిన పిండి వాసన, నూనెలో పడ్డ కరివేపాకు వాసన, తడి తువ్వాల వాసన కలిసి నా పక్క దగ్గరికి వచ్చేవి. రోట్లో పొత్రం తిరిగే చప్పుడు ఆగితే నాకు మెలకువ వచ్చేది. బయట బాపు వాకిట్లో నీళ్లు చల్లి, గల్లాపెట్టెకు ఊదుబత్తి చూపించి, తువ్వాల భుజాన వేసుకుని నిలబడేవాడు. పరకాల నుంచి బండ్ల మీద మిర్చి తెచ్చిన రైతులు మొదట వచ్చేవారు. మిర్చి కుప్పలు పోసే రోజుల్లో సందంతా తుమ్ములే. ఒకాయన తుమ్మితే నాలుగు బల్లలూ అందుకునేవి. తుమ్మితే కాసేపు ఆగి బయల్దేరాలంటారు కదా, ఆ పద్ధతి పాటిస్తే మా హోటలు గడప ఒక్కరూ దాటేవారు కాదు.

మా బాపుకు ఒక నియమం ఉండేది. ఇంట్లో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అనడం అందరికీ ఉన్నదే. బాపు దాన్ని తెచ్చి హోటల్లో పెట్టాడు. దుకాణంలో కూర్చుని నోటితో "లేదు" అంటే లక్ష్మి వెనక్కి తిరిగి పోతుందని ఆయన గట్టి నమ్మకం. ఇడ్లీలు అయిపోతే "అస్తానయ్, కూసో" అనేవాడు. పూరీ అయిపోయినా "అస్తాంది, కూసో" అనే. అడిగినవాడు కూర్చునేవాడు, లోపల అమ్మ మళ్లీ పిండి తడిపేది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చే ముసలాయన ఒకడు గారెల కోసం ఇలా కూర్చుని మూడుసార్లు రైలు తప్పించుకున్నాడు. నాలుగోసారి వచ్చినప్పుడు "సేటూ, ముందుగాల సెప్పు, గారెలున్నయా, అస్తానయా?" అని గడప బయటే నిలబడి అడిగాడు. బాపు అప్పుడు కూడా "లోపటికి రా" అన్నాడే తప్ప లేవని అనలేదు.

చుట్టాల పెళ్లికని ఒకసారి హైదరాబాద్ వెళ్లొచ్చిన బాపు, అక్కడ ఏదో హోటల్లో గోడకు పెద్ద బోర్డు చూశాడట. వచ్చింది మొదలు అదే పాట. "మనకు గూడ బోర్డు ఉండాలె. లోపటికి అచ్చినోడు మెడ ఎత్తి సదువాలె." మాకున్నవి ఏడు రకాలు. బోర్డు కోసమని ఇంకో అయిదు చేరుస్తానన్నాడు. బోర్డులు రాసే పెయింటర్ను పిలిచి, పెద్ద రేకు తెప్పించి, ఊదుబత్తులు తేవడానికి బజారుకు పోయి వచ్చాడు. వచ్చేసరికి ఆ మహానుభావుడు రేకు పొడుగు చూసి, గీతలు కొట్టి, ఎర్ర రంగుతో అంకెలు రాసేశాడు. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా. తిండి పేర్లు ఒక్కటీ లేవు. అంకెలు మాత్రం కళకళలాడుతున్నాయి.

"మనకున్నయి పన్నెండే గదనయ్యా, మిగిలినయి సెరుపు" అన్నాడు బాపు.

"సెరిపితే మరక పడ్తది సేటు. కొత్త బోర్డు మీద మరక మంచిదేనా?"

"అయితే ఉత్త అంకెలు ఇడ్సిపెట్టు."

"ఉత్తగ ఇడ్సిపెడ్తే, ఇంక మా దగ్గర లేదు అని బోర్డే సెప్పినట్టు గాదా సేటు?"

ఆ మాటతో బాపు పని అయిపోయింది. తెర తీసి నన్ను పిలిచాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి, దస్తూరి బాగుంటుందని బడిలో పేరు. "బిడ్డా, పంతొమ్మిది పేర్లు తక్కువ పడ్డయి. మంచి మంచియి రాసియ్యి" అన్నాడు. నా జన్మలో నాకంత పెద్ద ఉద్యోగం మళ్లీ రాలేదు. మొదట నాకు ఇష్టమైనవి రాశాను. తర్వాత చుట్టాల పెళ్లిళ్లలో తిన్నవి. పదిహేడు దగ్గర మక్క గారెలు రాశాను, లేత మక్కజొన్న కంకులు వానాకాలంలోనే వస్తాయన్న సంగతి ఆలోచించకుండా. పద్దెనిమిదితో నా తెలివి నిండుకుంది. పెయింటరు కుంచె పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. పరుగెత్తి పోయి భూగోళం పుస్తకం తెచ్చుకున్నాను. పంతొమ్మిది, బర్మా బజ్జీ. ఇరవై నాలుగు, జపాన్ కిచిడీ. ఇరవై ఏడు, కాశ్మీరు పాయసం. ముప్పై దాటాక భూగోళం కూడా చాలలేదు. చివరి గీత మీద ఏం రాయాలో తోచక, పెళ్లి వంటల బోర్డుల మీద చూసిన ముక్క ఒకటి దించేశాను: "కోరినవన్నియు చేసి ఇవ్వబడును." బాపు చదివి మురిసిపోయాడు. "ఇబ్బడును! ఎంత మంచిగ రాసిందో సూడు" అని పెయింటర్‌కు చూపించాడు.

అమ్మకు ఇదంతా తెలియదు. మా ఇళ్లలో పెళ్లయిన ఆడవాళ్లు హోటలు ముందు హాల్లోకి రాకూడదు. ఆమె తెర వెనకే ఉండేది. సాయంత్రం నేనే పోయి ముప్పై ఒకటీ చదివి వినిపించాను, బహుమతి వస్తుందనుకుని. అమ్మ పిండి చేతులతో అలాగే చూసింది. "జపాను కిచిడంటే ఏందే?" అంది. "నాకేం ఎర్కమ్మా, పేరు మంచిగున్నది" అన్నాను. "నీ నోట్ల మన్నువొయ్య. పేరు నువ్వు పెడ్తివి, మరి కనుడు నేనా?" అంది. కానీ నవ్వింది. అంత పొడుగు బోర్డు మొత్తం ఎవరు చదువుతారులే, అందరూ ఇడ్లీనే అడుగుతారని మేమంతా అనుకున్నాం.

చదివే మనిషి మర్నాడే వచ్చాడు. నర్సయ్య అని గంజులో ఒక సేటు దగ్గర గుమాస్తా. పొడుగ్గా, బక్కగా, చెవి మీద పెన్సిల్‌తో ఉండేవాడు. చిట్టా ఏది కనబడినా పైనుంచి కిందికి వరుసగా పోవడమే ఆయనకు తెలిసిన విద్య. మెడ ఎత్తి బోర్డు మొత్తం చదివాడు. "ఒకటి" అన్నాడు. ఇడ్లీ తిన్నాడు. రెండో రోజు "రెండు" అన్నాడు. మూడో రోజు "మూడు" అనగానే బాపుకు విషయం అర్థమై, "నర్సన్న మన బోర్డు మొత్తం తింటాండు!" అని గంజంతా చెప్పుకున్నాడు, గొప్పగా. ఆ గొప్ప లోపల రుబ్బేవాళ్లకు కదా తెలిసేది. ఆ మనిషిలో పోకిరీతనం ఏ కోశానా లేదు. వరుస తప్పితే మాత్రం ఆయనకు అన్నం సయించదు, అంతే.

పన్నెండు దాకా బండి నడిచింది. అక్కడి నుంచి అమ్మ బుర్రకు పని పడింది. ఇడ్లీ పిండే కాస్త గట్టిగా కలిపితే బోండా. ఆ బోండానే పెరుగులో వేస్తే ఇంకో నంబరు. ఆలుగడ్డ కూర పూరీ పక్కన పెడితే ఒకటి, పూరీ లోపల పెడితే మరొకటి, శనగపిండిలో ముంచితే ఇంకొకటి. మినుములు, బియ్యం, రవ్వ, ఆలుగడ్డ. ఈ నాలుగింటినే తిప్పి తిప్పి రోజుకో అవతారం ఎత్తించేది. హనుమకొండ హోటల్లో నా ముందు పళ్లెం నిండా పచ్చి కొత్తిమీర, పుదీనా, మొలకలు తెచ్చి పెట్టినప్పుడు, ఇదేమిటి, మనమే ఏరుకోవాలా అని అడిగాను. "పులుసుల ఏసుకొని తినాలె అమ్మమ్మా" అంది నిత్య. ఆకులు వేసుకుంటే ఒక రుచి, వేసుకోకుంటే ఒక రుచి. మా అమ్మకు ఈ ఉపాయం తెలిస్తే ముప్పై ఒకటిని అరవై రెండు చేసి ఉండేది.

పదిహేడో రోజు మక్క గారెలకు ఎండు మక్కలు ముందురోజే నానబోసి, రోట్లో వేసి రుబ్బితే పొత్రం తిరగలేదు. అమ్మ చేతులు బొబ్బలెక్కాయి. గారెలు రాళ్లలా వచ్చాయి. నర్సయ్య ఒక్కో గారెను దవడ మార్చి మార్చి నమిలి, "గట్టి సరుకు" అని మెచ్చుకున్నాడు. పంతొమ్మిదికి ముందురోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి అడిగింది. "బర్మల ఏం పండిస్తరే?" "వరి" అన్నాను, పుస్తకంలో అదే ఉంది. మిగిలిన అన్నంలో పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ పిసికి ఉండలు చేసి, శనగపిండిలో ముంచి వేసింది. అది హాల్లోకి పోయిందో లేదో హమాలీలంతా మాకూ బర్మా, మాకూ బర్మా అని కేకలు. ఆ రోజు నుంచి బర్మా బజ్జీ రోజూ చేయాల్సి వచ్చింది. "జపాన్ల ఏముంటయే?" అని మరో రోజు అడిగింది. "భూకంపాలమ్మా. అగ్నిపర్వతాలు గూడ" అన్నాను. కిచిడీని పళ్లెంలో గుట్టగా పోసి, నెత్తిన గుంట చేసి, అందులో ఎర్ర కారం కలిపిన నెయ్యి పోసి పంపింది. నెయ్యి పక్కలకు కారుతూ పోతుంటే నర్సయ్య పెన్సిల్ చెవి నుంచి తీసి, చుట్టూ తిరిగి చూసి, ఎటు నుంచి మొదలుపెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాడు.

నవ్వులు బాగానే ఉన్నాయి. గంజులో మా పేరు మోగింది. రేపు నంబర్ ఎంత, ఏం వస్తుంది అని వేరే సందుల నుంచి కూడా మనుషులు వచ్చారు. నర్సయ్య తిన్నదే మాకూ కావాలన్నారు. బాపు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ "అస్తాంది, కూసో, అస్తాంది" అంటుంటే ఆ మాటలన్నీ వచ్చి తెర వెనక ఒక్క మనిషి మీద పడేవి. అమ్మ చిక్కిపోయింది. నేను బడి నుంచి వచ్చేసరికి గిన్నెలు గీకుతూ ఉండేది. "తిన్నవా అమ్మా?" అంటే "ఉప్పు సూసిన గద, కడుపు నిండింది" అనేది. నేను మొదట అది హాస్యం అనుకున్నాను. తర్వాత ఒక సెలవు రోజు పొద్దుటి నుంచి పక్కనే కూర్చుని చూశాను. నిజంగానే ఆమె గరిటె చివర నుంచి అరచేతిలో వేసుకుని నాకి ఉప్పు చూసిందే ఆ రోజుకు ఆమె తిండి. నాకు భయమేసింది. ఆ పేర్లన్నీ నా దస్తూరి. మా అమ్మను నేనే తింటున్నానని అనిపించింది.

బాపు దగ్గరికి పోయి బోర్డు తీసెయ్యమన్నాను. "ఇంక నాలుగే గద బిడ్డా, నర్సన్న ముంగట ఇజ్జత్ పోతది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తెర ఇవతల ఉన్నవాడికి తెర అవతలి సంగతి తెలియదు, అంతే. నేను అక్కడితో ఊరుకోలేదు. బడికి పోయే ముందు స్టూలెక్కి, ఇరవై ఎనిమిది నుంచి కింది వరసలన్నిటికీ పొయ్యి మసి బాగా పూసి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే అంతకు ముందెన్నడూ లేనంతగా మెరుస్తున్నాయి. ఎవరో పిల్లలు పాడు చేశారని నర్సయ్య జాలిపడి, తన తువ్వాల తడిపి తుడిచాడట. నాకా రోజు నర్సయ్య మీద వచ్చినంత కోపం ఇప్పటిదాకా ఎవరి మీదా రాలేదు.

ముప్పై ఒకటో రోజు ఆదివారం పడింది, నేను ఇంట్లోనే ఉన్నాను. హాలు కిక్కిరిసింది. బల్లల మీద చోటు లేక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. కోరినవన్నీ చేసి ఇస్తామని బోర్డు మీద ఉంది, నర్సయ్య ఏం కోరతాడోనని పందేలు. నేను తెర పక్కనుంచి తొంగి చూస్తూ, దేవుడా, మంచినీళ్లు అడగనీ అని మొక్కుకున్నాను. నర్సయ్య వచ్చాడు, కూర్చున్నాడు, గొంతు సవరించుకున్నాడు.

"సేటూ, ఇయ్యాల్ల ముప్పై ఒకటి."

"సెప్పు నర్సన్నా! నువ్వు నోరు తెరుసుడే తరువాయి" అన్నాడు బాపు.

"మస్తు ఆలోచన చేసిన సేటు. నాకు కోరుకునుడు అలవాటు లేదు. మా సేటును సూస్త కదా, మంచి మిర్చంత అమ్ముతడు గని, అసలు మేలైనది రెండు బస్తాలు ఇంటికి తోల్కపోతడు. దుకాణపోల్లంత గంతే. అంటే నేను గిన్ని రోజుల సంది తిన్నయన్ని మంచియే. గని అండ్ల అసలు మేలైనది వదినె దాసుకొని తింటాంది అన్నట్టు. ఇయ్యాల్ల పొద్దుగాల వదినె ఏం తిన్నదో, అది నాకొక ప్లేటు."

హాలంతా ఘొల్లుమంది. భలే కనిపెట్టినవ్ నర్సన్నా అని ఎవరో వీపు చరిచారు. బాపు మొహం వెలిగిపోయింది. ఇంత సులువైన కోరిక ఆయన ఊహించి ఉండడు. తెర వైపు తిరిగి గట్టిగా, "ఇనవడ్డదా? పొద్దుగాల నువ్వు తిన్నది ఒక ప్లేటూ!" అన్నాడు.

లోపల పొత్రం ఆగింది. నేను అమ్మ మొహం చూశాను. కొంగుతో చేతులు తుడుచుకుంది, నన్ను పక్కకు జరిపింది, తెర ఎత్తింది, హాల్లోకి నడిచింది. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టాక అమ్మ ఆ తెర దాటడం అదే మొదలు.

"లేదు" అంది అమ్మ.

బాపు ఉలిక్కిపడ్డాడు. "అట్లనకే, దుకాణంల..."

"ఉంటే పెట్టనా? పొద్దటిసంది మంచినీళ్లు తాగిన. నిన్న గూడ గంతే. మొన్న మాడిన అట్టు ముక్కొకటి తిన్న. అండ్లకెల్లి నర్సన్నకు ఏం పెట్టాలె?"

కోపంగా అనలేదు. సరుకు ఎంత ఉందో చెప్పినట్టు చెప్పింది. నాకు ఏడుపు ఆగక, అంతమందిలోకి పోయి ఆమె నడుము పట్టుకుని "నేనే రాసిన అమ్మా, నేనే రాసిన" అన్నాను. "నువ్వు రాస్తే ఏమాయె, వండేదానికి నాకు సోయి ఉండద్దా?" అని నా నెత్తి మీద పిండి చెయ్యి పెట్టింది. నర్సయ్య లేచి నిలబడ్డాడు. తువ్వాలతో తాను కూర్చున్న చోటు తుడిచి, "కూసో వదినె" అన్నాడు. అమ్మ నిజంగానే కూర్చుంది. ఎదురుగా బాపు. మనిషి బల్ల ముందు కూర్చుంటే ఆయన నోటికి తెలిసిన మాట ఒక్కటే కదా, అది దానంతట అదే బయటికి వచ్చింది.

"ఏం గావాలె?"

అమ్మ తలెత్తి బోర్డు చూసింది. ముందువైపు నుంచి దాన్ని చూడడం ఆమెకు అదే మొదటిసారి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే చదువు ఆమెది. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా చదివింది.

"నేను వండనిది ఏదన్న ఉంటె పెట్టు" అంది.

బాపు తువ్వాల సర్దుకుని తెర వెనక్కి పోయాడు. ఆయన అంతవరకు పొయ్యి ముందు కూర్చున్న మనిషి కాదు. గిన్నెలు పడ్డాయి. మాడు వాసన వచ్చింది. గోనెపట్టా సందుల్లోంచి పొగ వచ్చింది. "ఉప్పు యాడున్నదీ?" అని లోపల్నుంచి కేక వినబడింది. అమ్మ అలవాటు చొప్పున లేవబోయింది. "నువ్వు కూసో" అన్నారు హాల్లో నలుగురైదుగురు ఒక్కసారే. బాపు కాసేపు వెతికి, మానుకుని, ఒక పళ్లెంలో ఉప్మా తెచ్చి పెట్టాడు. ఉండలు ఉండలుగా ఉంది, అడుగు నల్లగా ఉంది. అమ్మ కూర్చుని, తీరిగ్గా, ముద్ద తర్వాత ముద్ద, పళ్లెం ఖాళీ చేసింది.

"ఎట్లున్నది?" అన్నాడు బాపు చిన్నగా.

"ఉప్పు లేదు" అంది అమ్మ. "ఇంకింత పెట్టు."

మర్నాడు పెయింటరు వచ్చి పదమూడు నుంచి కిందికి తెల్ల రంగు కొట్టాడు. వాడు చెప్పినట్టే మరక పడింది. ఆ మరక కిందే బాపు "లేదు" అనడం నేర్చుకున్నాడు, మొదట్లో కళ్లు మూసుకుని, మందు మింగినట్టు. నర్సయ్య మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పన్నెండు కాగానే ఆగి, లోపలికి వినబడేలా "వదినె తిన్నదా?" అని అడిగి మరీ ఒకటికి పోయేవాడు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు హనుమకొండలో ఆడవాళ్లు నలుగురైదుగురు కలిసి వచ్చి, కాలు మీద కాలేసుకుని కూర్చుని, ఇది బాగాలేదు మార్చు అని పంపించేస్తున్నారు. చూస్తే నాకు ముచ్చటేస్తుంది. మా అమ్మ ఒక్క రోజు, ఒక్క పూట, అది కూడా సొంత హోటల్లో కూర్చుని తింది. అందులో నా తప్పు ఎంతో నేను ఇంకా తేల్చుకోలేదు.

సేమ్యా పులుసు సగం తాగాక సర్వరు వచ్చి, ఇంకేమైనా కావాలా అన్నాడు. నిత్య పుస్తకం అందుకుంది. నేను దాని చెయ్యి ఆపి, ఆ అబ్బాయిని అడిగాను. "లోపల వండేటోల్లు తిన్నరా బిడ్డా?"

అతనికి అర్థం కాలేదు. నిత్య తల పట్టుకుంది, "అమ్మమ్మా, పరువు తీస్తానవ్" అని. నేను మళ్లీ అడిగాను. లోపల ఎంతమంది ఉన్నారు, పొద్దున ఏం తిన్నారు అని.

"అయిదుగురమ్మా. మేమందరం పదకొండింటికే తిన్నం. పప్పు, అన్నం" అన్నాడతను.

"కూసొనేనా?"

"ఆ, కూసొనే తిన్నమమ్మా."

"అయితే నాకు ఇంకో గిన్నె తేపో" అన్నాను.